ఎడమవైపు వెనక చక్రం

మా షెడ్డులో తలుపు పక్కన గోడకి ఒక చెక్క పలక ఉంది. దాని మీద సుద్దతో మా పేర్లు రాసి ఉంటాయి. పేర్లంటే అమ్మానాన్నలు పెట్టినవి కావు, షెడ్డు పెట్టినవి. ఎవడి చేతిలో స్క్రూ విరిగితే వాడు దాని తలకాయకి తీగ చుట్టి తన పేరు కింద మేకుకి తగిలించాలి. అది మొదటి కట్టుబాటు. రెండోది అంతకన్నా పాపిష్టిది: విరిచినవాడే తియ్యాలి. తల పోయి, మొండెం ఇనుములో ఇరుక్కుపోయిన స్క్రూని బయటికి రప్పించడమంటే ఏమిటో చేసినవాడికే తెలుస్తుంది. సరిగ్గా నడిమధ్యన గుంట కొట్టాలి, ఆ గుంటలో సన్నటి డ్రిల్లు దించాలి, వెంట్రుకవాసి పక్కకి జరిగిందా బండి భాగమే పాడవుతుంది. పక్కవాడు చెయ్యి వెయ్యకూడదు. మిగతావాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని చుట్టూ నిలబడి ఎగతాళి చేస్తారు. విరగ్గొట్టి దాచినవాణ్ణి మాత్రం మనిషి కింద లెక్కెయ్యరు.

షెడ్డులో నా పేరు సుత్తి. నా పేరు కింద తీగలు ద్రాక్షగుత్తుల్లా వేలాడుతుంటాయి. మా బావ పేరు డాక్టరు. ఆయన పేరు కింద ముప్పై ఏళ్ళకి పైగా ఒక్క తల లేదు. అసలు మేకే కొట్టలేదు, దండగని.

ఆయన పని చేసే తీరు చూడాలి. తుప్పు పట్టిన స్క్రూ దగ్గర గొంతుక్కూర్చుని, చిన్న సుత్తితో దాని తల మీద టకటకా నాలుగు దెబ్బలు వేసి, చెవి ఆనించి వింటాడు. అందుకే డాక్టరు. తర్వాత కిరసనాయిలూ బ్రేకాయిలూ కలిపిన మందు రెండు చుక్కలు పోసి వదిలేస్తాడు. మర్నాడు మళ్ళీ రెండు చుక్కలు. మూడోనాడు కాస్త వేడి చూపిస్తాడు. అప్పుడు కూడా విప్పే వైపు తిప్పడు. ముందు వెంట్రుకవాసి బిగిస్తాడు. తుప్పు తెగేది అక్కడే. "ముందు బిగించు, తర్వాత వదులు" అనేది ఆయన మంత్రం. నేను ఈ మంత్రం పదకొండో ఏట నుంచి వింటున్నాను. అమ్మ పోయాక అక్క పెళ్ళిలో సామానుతో పాటు నేనూ బావ ఇంటికి వెళ్ళాను.

ఆయన ఇంటి అన్నం తిన్నాను. ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. కాబట్టి ఆయన ఎగతాళినీ మింగాలి. "మా బావమరిది చెయ్యి పడిందంటే స్క్రూకి నూరేళ్ళూ నిండినట్టే" అనేవాడు, వచ్చిన ప్రతి మనిషి దగ్గరా. బావా బావమరుదుల వేళాకోళమని అందరూ నవ్వేవాళ్ళు. నేనూ పళ్ళు బయటపెట్టి నవ్వేవాణ్ణి. అన్నం అరిగింది. ఎగతాళి అరగలేదు.

ఆ ఏడు చలికాలం చివర ఒక పాత మిలటరీ లారీ వచ్చింది. రిటైరైన సైనికుల సంఘం వాళ్ళది. నలభై ఏళ్ళు ఏదో గోడ వెనక గడ్డిలో నిలబడి ఉందట. దాన్ని బాగుచేయించి తమ ఆఫీసు ముందు పెట్టుకోవాలని వాళ్ళ ముచ్చట. బాగుచెయ్యడానికి ఏముందని, తుప్పు తినగా మిగిలిందే బండి. తలుపులు తియ్యబోతే గడియలు చేతికొచ్చాయి. సీటు కింద ఎలుకలు మూడు తరాలు కాపురం చేసి వెళ్ళాయి. బావ మాత్రం దాని బానెట్ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. ఈ షెడ్డుకి రాకముందు ఆయన సైన్యంలో తొమ్మిదేళ్ళు ఇలాంటి లారీలకే మరమ్మతులు చేశాడు.

"దీని ఒంట్లో ప్రతి స్క్రూ నాకు తెలుసురా. కళ్ళు మూసుకుని విప్పుతా," అన్నాడు.

మా ఓనరు పాత ఓనరు కొడుకు. పానా పట్టడం రాదు గానీ, పానా పట్టినవాణ్ణి కదలకుండా చూడటం వచ్చు. బండి దింపిన రోజే నన్ను పక్కకి పిలిచాడు. "సుత్తీ, డాక్టరు గారు ఈ మధ్య బాగా నెమ్మదించారు. ఈ బండి అయ్యేసరికి మేస్త్రిగా ఆయన్నే ఉంచాలా, మార్చాలా తేల్చేస్తా. నువ్వు కనిపెట్టుకుని ఉండు," అన్నాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అక్క క్యారేజీ తెచ్చింది. బావ తిని లేచాక, గిన్నెలు కడుగుతూ కుళాయి దగ్గరికి నన్ను రమ్మని సైగ చేసింది. నీళ్ళ చప్పుడు చాటున మాట్లాడింది.

"మీ బావకి కళ్ళు కనిపించట్లేదురా."

నేను నవ్వబోయాను.

"జోకు కాదురా. కుడి కన్ను పోయినేడే పోయింది. ఎడమ కంట్లో మసక. నరం ఎండిపోతోందట, అద్దాలతో వచ్చేది కాదన్నారు. మనిషీ తలుపూ బండీ ఆనవాలు తెలుస్తాయి. చిన్నవి ఏవీ కనపడవు. పనంతా వేళ్ళతో తడిమి చేస్తున్నాడు."

"మరి ఓనరుకి?"

"ఓనరుకి తెలిస్తే మర్నాడే గేటు బయట కూర్చోబెడతాడు. షెడ్డు లేకపోతే ఆయన బతకడురా. ఆదివారం ఒక్కరోజు ఇంట్లో ఉంటేనే పిచ్చెక్కినట్టు తిరిగి, తలుపు బందులు విప్పి మళ్ళీ బిగిస్తాడు." తడి చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు పక్కనే ఉండు. ఆయన అడిగింది చూసి చెప్పు. నీకు తెలుసని మాత్రం తెలియనివ్వకు, సిగ్గుతో చచ్చిపోతాడు. చెయ్యి ఆయనది, కన్ను నీది. అలా గడిచిపోతుంది. నీ చేతుల్లో పెడుతున్నాను నాన్నా."

"అలాగే అక్కా" అన్నాను. ఆ పూటకి మనస్ఫూర్తిగానే అన్నాను.

పది పదిహేను రోజులు మాట నిలబెట్టుకున్నాను కూడా. లారీ ముందు అద్దం చట్రానికి పదహారు స్క్రూలు. వాటి గాళ్ళనిండా పాత రంగు గడ్డకట్టి ఉంది. బావ సూదితో ఒక్కొక్కటీ గీకి శుభ్రం చేశాడు. ఇప్పుడు చూస్తే తెలుస్తోంది, గీకేటప్పుడు ఆయన కళ్ళు చట్రం మీద లేవు, ఎదురుగా గోడ మీద ఉన్నాయి. గాడి ఎటు ఉందో బొటనవేలి గోటితో వెతుక్కునేవాడు. అనుమానం వస్తే, "నా అద్దాలు ఇంట్లో మర్చిపోయాన్రా, ఇది పూర్తిగా శుభ్రమైందేమో చూడు" అనేవాడు. అద్దాలు ఆయన జేబులోనే ఉండేవి. "అయింది బావా" అనేవాణ్ణి. పదహారుకి పదహారూ విరక్కుండా వచ్చాయి. ఓనరు కూడా వచ్చి చూసి, తల ఊపి వెళ్ళాడు.

జాలి పడాల్సింది. పడలేదు. చేతికి అధికారం వస్తే ఎలా ఉంటుందో అంతకుముందు నాకు తెలియదు. ఒకరోజు పళ్ళెంలో పెద్ద స్క్రూడ్రైవర్ ఉండే చోట చిన్నది పెట్టి, ఆయన చెయ్యి పళ్ళెమంతా పాకుతుంటే చూస్తూ కూర్చున్నాను. "ఏం వెతుకుతున్నావు బావా?" అంటే, "ఏం లేదురా, చెయ్యి తిమ్మిరెక్కింది" అన్నాడు. ఇంకోరోజు టీ గ్లాసు జానెడు పక్కకి జరిపాను. ఆయన ఖాళీ గాల్లో వేళ్ళు ముడిచి, ఎవరైనా చూశారేమోనని చెవులు రిక్కించి, ఆ చేత్తోనే తల గోక్కున్నాడు. నవ్వొచ్చింది. నిజం చెబుతున్నాను, నాకు నవ్వొచ్చింది.

తర్వాత లారీ నేల రేకు స్క్రూ ఒకటి నా చేతిలో విరిగింది. ఎప్పటిలాగే బలం ఎక్కువ పెట్టాను. ఎవరూ చూడలేదు. తల జేబులో వేసుకున్నాను, మొండెం మీద మైనం పూసి పైన రంగు అద్దాను. "సుబ్బరంగా వచ్చేసింది బావా" అన్నాను.

"శభాష్‌రా! ఇన్నేళ్ళకి నా మాట తలకెక్కింది," అని బావ నా వీపు తట్టాడు. ఆయన మొహంలో ఎంత సంతోషమంటే, దాన్ని చూడలేక పక్కకి తిరిగాను. ఇరవై ఏళ్ళ కిందట ఆ తట్టు తట్టి ఉంటే ఏమయ్యేవాణ్ణో తెలియదు. ఇప్పుడది అబద్ధానికి పడింది.

చక్రాలు విప్పడం మొదలెట్టిన మర్నాడు సంఘం పెద్దాయన వచ్చాడు. తెల్లమీసాల మనిషి, చేతికర్ర పట్టుకుని లారీ చుట్టూ తిరిగి, ప్రతి భాగానికీ బావని పేరడిగాడు. బావ ఠకఠకా చెప్పాడు. చివర్లో పెద్దాయన నన్ను చూపించి, "ఈయనా మేస్త్రేనా?" అని అడిగాడు.

"వీడా? మా బావమరిదండీ. వీడు లారీ దగ్గరికొస్తే స్క్రూలన్నీ దండం పెడుతున్నాయి, అయ్యా మమ్మల్ని డాక్టరుకే చూపించండని."

పెద్దాయన మీసాలు ఊగేలా నవ్వాడు. మా షెడ్డు పెయింటరు రంగు డబ్బా కిందపెట్టి మరీ నవ్వాడు. ఓనరు కూడా అందుకుని, "సుత్తిని మేస్త్రిని చేస్తే గోడకి ఇంకో చెక్క కొట్టించాలి" అన్నాడు.

"అవుతాడు లెండి, అవుతాడు. ఇంకో పదేళ్ళు పడుతుందంతే," అన్నాడు బావ ప్రేమగా.

ప్రేమగానే అన్నాడు. అదే నన్ను కాల్చింది. నాకు నలభై రెండు. రాత్రీ పగలూ ఆయనకి నా కళ్ళు అరువిచ్చి, ఆయన పరువు కాపాడుతున్నది నేను. ఇంకో పదేళ్ళట!

ఆ లారీ చక్రాల సంగతి ఒకటి చెప్పాలి. కుడివైపు చక్రాల నట్లు మామూలు నట్లు, ఎడమకి తిప్పితే ఊడతాయి. ఎడమవైపు చక్రాలకి మర ఎదురు. అవి కుడికి తిప్పితే ఊడతాయి, ఎడమకి తిప్పితే బిగుస్తాయి. పరుగులో నట్లు వాటంతటవే వదులవకుండా చేసిన ఏర్పాటు. గుర్తు కోసం, నట్టు ఎక్కే స్టడ్డు చివర ఎల్ అక్షరం గుద్ది ఉంటుంది. ఎడమవైపు ముందు చక్రం అంతకుముందు రోజే బావ కుడికి తిప్పి ఆరూ విప్పేశాడు. ఇప్పుడు ఎడమవైపు వెనక చక్రం.

మందు మూడు రోజులుగా తాగుతోంది. బావ గ్యాస్ మంటతో పై నట్టు చుట్టూ వేడి చూపించాడు. నేను తీగల బ్రష్‌తో స్టడ్డు చివరలు రుద్దాను. తుప్పు రాలింది. మొదటిదాని మీద అక్షరం లేదు. రెండోది రుద్దాను, లేదు. ఆరూ రుద్దాను. ఆరూ నున్నగా ఉన్నాయి. ఏం జరిగిందో అర్థమైంది. ఎప్పుడో, ఏ దారి మధ్యలోనో చక్రం దెబ్బతింటే ఎవడో చేతికందిన కుడివైపు హబ్బు, అంటే స్టడ్లు బిగించి ఉండే ఇనుప దిమ్మ, తెచ్చి ఎడమవైపు బిగించేశాడు. పైకి ఎడమ చక్రమే, నట్లు మాత్రం మామూలువి.

"చివర గుర్తుందిగా?" అన్నాడు బావ. జేబులోంచి అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. అడగటం మామూలే అన్నట్టు, చూడటం తనకి బద్ధకమన్నట్టు.

"ఉంది బావా. ఎల్," అన్నాను.

అనుకుని అన్నది కాదు. నోరు దానంతటది అనేసింది. వెనక్కి తీసుకోవడానికి కావలసినంత సమయం ఉంది, తీసుకోలేదు.

బావ పానా తగిలించి, పిడికి ఇనుప పైపు తొడిగాడు. ఎదురు మర అనుకున్నాడు కాబట్టి బిగించే వైపు ఎడమ. తన మంత్రం ప్రకారం ముందు ఎడమకి వెంట్రుకవాసి తిప్పాడు. టిక్కుమంది. నట్టు అంచునుంచి ఎర్రటి పొడి రాలడం నేను చూశాను. అది ఊడటానికి సిద్ధంగా ఉంది. ఇంకో చుట్టు అటే తిప్పితే చేతికొచ్చేస్తుంది.

బావ చెయ్యి ఆగింది.

"ఇదేంట్రా, బిగించే వైపు ఇంత తేలిగ్గా కదులుతోంది? విప్పే వైపులా ఉందే." తల వంచి పానా మీద చెవి పెట్టాడు. "ఒరేయ్, గుర్తు సరిగ్గా చూశావా? ఇంకోసారి చూడు."

నేను వంగాను. నున్నటి ఇనుము, దాని మీద నా బ్రష్ గీతలు. "ఎల్ బావా. ఆరింటికీ ఉంది," అన్నాను.

చెయ్యి ఆయనకి నిజమే చెప్పింది. ఆయన నా కన్నుని నమ్మాడు.

"అయితే తుప్పు తెగిందన్నమాట. మంచిదే," అని పైపుని కుడికి మళ్ళించాడు. నట్టు కదల్లేదు. ఎలా కదులుతుంది, బిగుస్తుంటే? బరువంతా వేశాడు. మెడ మీద నరాలు పొంగాయి. "మొండిది. నువ్వూ ఓ చెయ్యి వెయ్యరా," అన్నాడు. నేనూ వేశాను. నా బలం సంగతి షెడ్డంతటికీ తెలుసు కదా. నట్టూ, దాంతో పాటు స్టడ్డు ముక్కా టప్పుమని తెగి నేల మీద పడి దొర్లాయి.

"ఎవరిదిరా ఆ తల?" అని అవతలి నుంచి పెయింటరు అరిచాడు. నాదే అయ్యుంటుందని వాడి గొంతులో అప్పుడే నవ్వు మొదలైంది. ఓనరూ పెద్దాయనా ఇటు వచ్చారు.

"నాది," అన్నాడు బావ.

"మీదా!" అన్నాడు ఓనరు. "పైపు మీద సుత్తి చెయ్యి కూడా ఉందిగా?"

"పానా పట్టింది నేను. నాదే."

పెయింటరు వెళ్ళి డాక్టరు అన్న పేరు కింద మేకు కొట్టాడు. ఆ చప్పుడుకి బావ భుజాలు ఒక్కొక్క దెబ్బకీ కాస్త కిందికి దిగాయి. "డాక్టరు గారి ఆసుపత్రిలో మొదటి చావు," అన్నాడు పెయింటరు. ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడమే ఎక్కువగా తగిలినట్టుంది ఆయనకి. తీగ చుట్టి తలని తగిలించింది నేనే.

ఇక రెండో కట్టుబాటు. విరిచినవాడే తియ్యాలి. బావ గుంట కొట్టే పంచ్ తీసుకుని, తెగిన స్టడ్డు మొహం మీద బొటనవేలు తిప్పి తిప్పి నడిమి చోటు వెతికాడు. ఒక్క దెబ్బ వేశాడు. సరిగ్గా మధ్యలో పడింది. కొలబద్ద పెట్టి కొట్టినా అంత బాగా పడదు. ఆ క్షణంలో నాకు భయం వేసింది, గట్టెక్కుతాడేమోనని.

డ్రిల్లు దగ్గర చిక్కొచ్చింది. తిరిగే మొనని వేలితో తడమడానికి లేదు. ఆగి ఉన్న మొనని గుంటలో ఆనించి మీట నొక్కాడు, మొన ఎగిరి పక్కకి జారింది. మళ్ళీ ఆనించాడు, మళ్ళీ జారింది. మూడోసారి గుంట వదిలేసి హబ్బు ఇనుములోకి దిగి కిచకిచమని తినసాగింది. ఆయనకి ఇనుము పట్టు దొరికింది గానీ, ఏ ఇనుమో తెలియలేదు. "దిగుతోంది, దిగుతోంది," అంటున్నాడు నమ్మకంగా. అందరం చూస్తున్నాం. నేను చెప్పొచ్చు. నేను చెప్పాల్సింది. అందుకే నన్ను పక్కన పెట్టింది అక్క.

"ఆపండి," అన్నాడు ఓనరు.

బావ ఆపాడు. ఓనరు వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాడు. పెద్ద తలుపులోంచి వెలుతురు ఓనరు వెనక నుంచి పడుతోంది.

"డాక్టరు గారూ, ఇటు చూడండి. ఎన్ని వేళ్ళు?"

"ఎందుకండీ ఈ చిన్నపిల్లల ఆటలు?"

"చెప్పండి."

బావ మొహం గొంతు వినిపించిన వైపు తిరిగింది. పెదాలు తడుపుకున్నాడు. "మూడు," అన్నాడు.

ఓనరు చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో ఉన్నాయి.

పెయింటరు కిసుక్కుమని, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పెద్దాయన చేతికర్ర వంక చూస్తూ నిలబడిపోయాడు. ఆ నవ్వుతోనే బావకి తన జవాబు తప్పని తెలిసింది. "రెండా?" అన్నాడు మెల్లగా. తలుపు దగ్గర అక్క క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు, రెండా అన్నది మాత్రం వింది.

ఓనరు నా వైపు తిరిగాడు. "మిగతా అయిదూ నువ్వు తియ్యి సుత్తీ. ఒక్కటి కూడా విరక్కుండా తీశావా, ఈ షెడ్డుకి మేస్త్రివి నువ్వే. విరిగిందంటే, ఆ చక్రమే అంత పాడు చక్రమనుకుంటా. డాక్టరు గారి తప్పు పట్టను, ఈ బండి అయ్యేదాకా ఆయన్నే ఉండమంటా. నువ్వు ఎప్పటి సుత్తివే."

ఓనరు తూకం సరిగ్గానే వేశాడు. ఏం తూస్తున్నాడో ఆయనకి తెలియదు.

నేను పానా తీసుకున్నాను. బావ తడుముకుంటూ వచ్చి చక్రం పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. చెయ్యి చాపి పానా పిడి మీద, నా చెయ్యి పక్కనే పెట్టాడు.

"నీ చెయ్యి బరువు. నేను పట్టుకుంటా, అదుపుగా ఉంటుంది," అన్నాడు.

ఎందుకు పట్టుకున్నాడో నాకు తెలుసు. ఎటు తిప్పుతానో ఆయనకి కావాలి. టిక్కుమన్న ఆ చప్పుడు ఆయన చెవిలోంచి పోలేదు. నేను కుడికి తిప్పితే అయిదూ విరుగుతాయి. నా పేరు కింద అయిదు తలలు చేరతాయి, మేస్త్రి పని పోతుంది. కానీ బావ తన చెయ్యే తప్పిందనుకుంటాడు, పాడు చక్రం అనుకుంటాడు, నన్ను మాత్రం అనుమానించడు. ఉన్నన్నాళ్ళు షెడ్డులో ఉంటాడు. ఎడమకి తిప్పితే అయిదూ వస్తాయి, మేస్త్రినవుతాను. బావకి మాత్రం అంతా తెలిసిపోతుంది. ఇంత తేటగా జీవితంలో ఏదీ నా ముందు నిలబడలేదు. ఆయన వేళ్ళు నా వేళ్ళకి తగులుతున్నాయి. చల్లగా ఉన్నాయి. పదకొండేళ్ళ నన్ను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని ఈ షెడ్డుకి తెచ్చిన చేతులవి.

ఎడమకి తిప్పాను.

పానా తిరిగింది. కిర్రుమని మూలిగి, తర్వాత నూనె రాసినట్టు తిరుగుతూనే ఉంది. బావ చెయ్యి పావు చుట్టు దాకా దాంతో పాటు వచ్చింది. ఆ తర్వాత పిడి మీంచి లేచిపోయింది. దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నట్టు నా చేతిలోకి వచ్చింది. "ఒకటి," అన్నాడు ఓనరు సంబరంగా. రెండోది. మూడోది. నాలుగోదానికి పైపు కూడా అక్కర్లేకపోయింది. అయిదోది తీసి నేల మీద వరసలో పెట్టాను. నేను పట్టిన వాటిలో ఒక్కటీ విరక్కుండా వచ్చిన పని అదొక్కటే.

పెయింటరు చప్పట్లు కొట్టాడు. ఓనరు నా భుజం మీద చెయ్యి వేశాడు. నాకు సంతోషం వేసింది. వెయ్యలేదని చెబితే అబద్ధం.

బావ లేచాడు. లేస్తూ, లేని గోడ కోసం చెయ్యి చాపాడు. అక్క గబగబా వచ్చి భుజం అందించింది. అక్కకి నట్ల మరల సంగతి తెలియదు. బావ మొహం తెలుసు. ఆ మొహం చూసింది, తర్వాత నన్ను చూసింది.

"ఏం చేశావురా?" అంది.

"ఏం చేశాను? అయిదూ తీశాను."

బావ నా పక్కనుంచి వెళ్తూ ఆగాడు. మొహం నా వైపు తిప్పలేదు, తిప్పి లాభం లేదు కదా. చాలా మామూలుగా, పని చెప్పే గొంతుతోనే అన్నాడు.

"ఆ మొదటిదీ ఇలాగే వచ్చేదిరా."

"అవును బావా," అన్నాను.

వాళ్ళిద్దరూ తలుపు దాటారు. అక్క ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. క్యారేజీ ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. ఎండలోకి వెళ్ళాక బావ అడుగులు చిన్నవైపోయాయి.

"ఏమన్నాడు డాక్టరు?" అని అడిగాడు ఓనరు.

"మెచ్చుకున్నాడండీ," అన్నాను.